ఎర్ర అంచు లేని కంబళి

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. దేశానికి స్వతంత్రం వచ్చినాది. ఇప్పుడు మన బళేపేటలో ప్రతివాడికీ తెల్లోళ్లతో కొట్లాడిన తాత ఒకడు ఉండాడు.

మన తాత తిరుగుబాటు దండుకి కంబళ్లు నేసి ఇచ్చినాడని నువ్వు ఎప్పట్నుంచో చెప్తాంటివి. ఒక పాత కంబళి కూడా వెతికి తెచ్చినావు. తాత నేసిన ప్రతి కంబళికీ ఎర్ర అంచు ఉంటాది, దానికి లేదు. "ఇది తాతది కాదన్నా, ఎవరి ఎద్దు మీద కప్పిందో" అని నలుగురినీ నవ్వించినాను. నువ్వు మళ్లా ఆ మాటే ఎత్తలేదు.

నిన్న తాత ఊరి నుంచి ఒక ముసలవ్వ కంబళ్లు అమ్మేదానికి బళేపేటకి వచ్చింటే, ఆమెకీ ఈ కథ చెప్పినాను. ఆమె నవ్వలేదు.

"దండుకి ఇచ్చేవాటికి మీ తాత అంచు వేసేవాడు కాదప్పా. కంబళి దొరికితే ఎవరు నేసినారో తెల్లోళ్లకి తెలిసిపోతాది కదా. మా అత్త చెప్పేది."

నేను శానాసేపు కంబళ్లు బేరం చేసినట్టు నటించినాను.

"మీ అన్నకి చెప్పప్పా, సంతోషపడతాడు" అనింది.

"ఇంటికి పోతానే చెప్తానవ్వా" అన్నాను.

ఇంట్లో నేనొక్కణ్నే. మాటిచ్చినాను గదా, అందుకే రాస్తాండా. నువ్వు చెప్పిందే నిజం, అన్నా.