అక్కకు పంపే లాప్‌టాప్, అందులో నా ముఖం

అశోక్‌నగర్, హైదరాబాద్.

సుగుణక్కకు నీ తమ్ముడు మల్లేశ్ దండాలు పెట్టి రాస్తున్నది.

నేనిక్కడ బాగున్నాను. నువ్వు, అమ్మ, బాపు ఎలా ఉన్నారు? ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ "అందరం మంచిగున్నం బిడ్డా" అంటుంది. నేను అడగకముందే అంటుంది. అందుకే నాకు నమ్మకం కుదరదు. బాపు మోకాలు నొప్పి తగ్గిందా లేదా, నీ కుట్టు మిషన్ బాగు చేయించారా లేదా, నువ్వు నీ చేత్తో రాస్తేనే నమ్ముతాను. నా గురించి మాత్రం ఏ రంది పెట్టుకోకు. నేను బాగానే ఉన్నాను.

ఇక్కడ వాన ముసురు పట్టి వదలడం లేదు. హాస్టల్ గోడకు చెమ్మ దిగింది, ఆరేసిన బట్టలు ఆరవు, పుస్తకాలు కూడా మెత్తబడ్డాయి. మెస్‌లో సాంబారు పోస్తారు, అందులో ముక్క దొరికితే ఆ రోజు పండగే. పొద్దున కోచింగ్‌కు, మధ్యాహ్నం నుంచి చిక్కడపల్లి లైబ్రరీకి పోతాను. ఉద్యోగాల నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో అక్కడ ఒక్కొక్కరు ఒక్కో తేదీ చెబుతారు. అందరికీ లోపలి మనుషులు తెలుసట. నేను ఒక్కరినీ నమ్మను, కానీ అందరు చెప్పేదీ వింటాను.

ఉత్తరం రాస్తుంటే రమణ నవ్వుతాడు. రమణంటే నా రూమ్‌లో ఉండే నల్లగొండ అబ్బాయి. "ఈ కాలంల ఉత్తరమేంది రా, మీ ఇంట్ల ఫోన్ లేదా?" అన్నాడు. మా అక్కకు పుట్టినప్పటి నుంచి వినబడదు, మేమిద్దరం చేతులతో మాట్లాడుకుంటాం, ఫోన్ మాకు దండగ అని చెప్పాను. తర్వాత "ఒక్క మాట చూపెట్టు రా" అన్నాడు. చూపించలేదు. ఎందుకడిగాడో ఎవరికి తెలుసు, రేపు మెస్‌లో నలుగురి ముందు చేసి నవ్వడానికేమో.

ఇక అసలు సంగతి. పోయిన ఉత్తరంలో నువ్వు రాసింది నాకు కంఠతా వచ్చింది. "ప్రతిసారి మంచిగున్న అని రాస్తవు. కాగితానికి ముఖం లేదు. కుట్టిన పైసలు దాచిపెట్టిన, అగ్గువలో కెమెరా ఉన్న కంప్యూటర్ కొని పంపు. నీ ముఖం చూస్తే గాని నేను నమ్మ" అని రాశావు. అనుమానం మన ఇంటి గుణం అక్కా, నాకొక్కడికే అంటగట్టకండి. నెట్ నడిస్తే నేనిక్కడ నెట్ సెంటర్‌లో కూర్చుంటే నువ్వక్కడ చూడొచ్చు. మన ఊళ్లో నెట్ నడుస్తుందన్న ఆశ నాకు లేదు. నడవకపోతే వీడియోలు తీసి పెన్‌డ్రైవ్‌లో పంపుకుందాం. బట్టల దుకాణం సరుకు కోసం రాజన్న మామ నెలనెలా వస్తూనే ఉంటాడు కదా.

కొనడానికి నారాయణగూడ పోయాం. రమణ తోడొచ్చాడు. ఎందుకు తోడొస్తున్నాడా అని దారంతా ఆలోచించాను. తనకు ఏమన్నా కమీషన్ ముడుతుందేమోనని మెల్లగా అడిగితే "నీకు దండం రా నాయనా, నాకు గా దుకాణమే తెల్వది" అన్నాడు.

మనకు అందే ధరలో ఉన్నది ఒకటి చూపించాడు దుకాణం సేటు. మల్టీమీడియా లాప్‌టాప్ అని పేరు. పై మూత ముదురు మెరూన్ రంగు, అద్దంలా మెరుస్తుంది. చూడటానికి బాగుంది, కాదనను. కానీ వేలు పెడితే వేలిముద్ర పడుతుంది, తుడిస్తే గీత పడుతుంది. మూత మూల పట్టుకొని తెరిస్తే కొద్దిగా వంగింది. ప్లాస్టిక్కే కదా. లోపల అక్షరాల మీటలు గట్టిగా ఉన్నాయి, పక్కన అంకెలకు వేరే మీటలున్నాయి, నీ లెక్కలు రాసుకోవడానికి పనికొస్తాయి. బరువు మాత్రం ఎక్కువే, ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే తొడలు వేడెక్కుతాయి. బల్ల మీదే పెట్టుకో. నీ కుట్టు మిషన్ బల్ల మీద పెట్టకు, నూనె అంటుతుంది.

సేటు అన్నిటికన్నా ముందు స్పీకర్లు మొదలుపెట్టాడు. "తమ్మీ, జర విను. థియేటర్ లెక్క కొడ్తది."

"స్పీకర్లు మాకొద్దన్నా. కెమెరా చూపెట్టు."

"కెమెరానా? దీన్ని అందరు పాటలకే కొంటరు. ధరంత స్పీకర్లదే."

వినబడని మనిషికి స్పీకర్ల ధర కట్టించుకుంటున్నాడని నాకు మండింది. కానీ పాట పెట్టినప్పుడు మీటల కింది ఖాళీ జాగా మీద చెయ్యి ఆనించి చూశాను. అరచేతిలో దరువు తెలిసింది. నువ్వు చిన్నప్పుడు బాపు రేడియో మీద చెయ్యి పెట్టి కూర్చునేదానివి, గుర్తుందా? ఆ జాగా నీకు నచ్చుతుంది. ఈ సంగతి సేటుకు చెప్పలేదు, చెబితే ధర పెంచుతాడు.

ఆ తర్వాత నా పద్ధతిలో నేను పరీక్ష పెట్టాను. నాకు చూపించినది ఒకటి, డబ్బాలో పెట్టి ఇచ్చేది ఇంకొకటి అయితే ఏం చేస్తాం? అందుకని కింద రాసి ఉన్న నంబరు నా ఎడమ అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. సేటు చూసి రమణతో "ఏందన్నా, మీ దోస్తు పోలీసోడా?" అన్నాడు. బ్యాటరీ ఎంతసేపు వస్తుందంటే మూడు గంటలన్నాడు. వాళ్లు చెబితే సరిపోతుందా? ప్లగ్గు పీకించి ఆరిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. మూడు రాలేదు, రెండుకు పైన వచ్చింది. మధ్యలో సేటు చాయ్ తెప్పించాడు. చాయ్ ఎందుకు పోస్తున్నాడా అని అదొక అనుమానం. తాగాను, బాగుంది. విండోస్ కూడా తానే వేసిస్తానన్నాడు, అది అసలుదో నకిలీదో అడిగితే పైకప్పు వైపు చూశాడు. ఫైళ్లు తెరవడంలో పెద్ద చురుకేమీ లేదు, రెండు పనులు ఒక్కసారి చెబితే కాసేపు ఆలోచించుకుంటుంది. మనకు ఆ మాత్రం చాలు.

బ్యాటరీ ఎక్కేదాకా ఆగి, కెమెరాకు వచ్చాం. తలుపు దగ్గర వెలుతురుకు పెట్టించి, ముందు కూర్చుని, నీతో చెప్పినట్టే చేతులతో చెప్పాను. అక్కా, నేను మంచిగున్న, అన్నం మంచిగ తింటున్న, బుగులు పడకు. అంతే. రికార్డయింది వేసి చూస్తే మాట అందలేదు. వేళ్లు కనబడుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. కెమెరా నాసిరకం అన్నాను. సేటు ఇంకొకటి తీశాడు. అందులోనూ అంతే. కొంచెం పిరమైనది, ధర ఎక్కువది, మరొకటి తీశాడు. అందులో నా గోళ్లు కూడా కనబడ్డాయి, అయినా ఏమీ అర్థం కాలేదు.

"అన్నీ బొక్కల కెమెరాలే" అన్నాను.

సేటుకు ఓపిక అయిపోయింది. "తమ్మీ, నాకు గిరాకొస్తది. కొనేదుంటే కొను, లేకుంటే లేదు. ఏందీ పరేషాన్?"

అప్పుడు తెర మీదకు మళ్లింది నా అనుమానం. వాళ్లు చూపించే చిలకలు, జలపాతాలు ఏ తెర మీదైనా మెరుస్తాయి. నా ఫోన్‌లోని మెమరీ కార్డు తీసి పెట్టాను. నేను ఊరి నుంచి బయలుదేరిన రోజు వంటింట్లో తీసిన నీ వీడియో ఉంది కదా, పచ్చడి డబ్బా మరిచిపోయానని నన్ను తిడుతున్నది, అది మొదటి మెరూన్ దాంట్లోనే వేశాను. పాత ఫోన్‌తో తీసింది. పొయ్యి వెలుగే తప్ప వెలుతురు లేదు. నీ వేళ్లు సగం చీకట్లో కలిసిపోయాయి. అయినా అక్కా, ఒక్క మాట పోలేదు. కనుబొమ్మలు ఎగరేసి, మూతి తిప్పి, మణికట్టుతో ముక్కు తుడిచి నన్ను పిలిచి, "నీ తలకాయ కూడ ఇక్కడనే పెట్టి పో" అన్నావు. దుకాణంలో గట్టిగా నవ్వాను. రమణకు మన భాష ఒక్క ముక్క తెలియదు, అతను కూడా నవ్వి "మీ అక్క మస్తు తిడుతున్నట్టున్నది గద రా" అన్నాడు.

నాకు నవ్వు ఆగిపోయింది. నా వీడియో మళ్లీ వేశాను.

కెమెరాది ఏ తప్పూ లేదు. చేతులు పొట్ట దగ్గరే దాచుకున్నట్టు కదుపుతున్నాను, ఎవరైనా చూస్తారేమోనని. మూతి బిగించి ఉంది. కనుబొమ్మలు కదలలేదు. కళ్లు నీ వైపే లేవు, పక్కకు పోతున్నాయి. సేటు పీస్ మారుస్తాడేమోనని వాడినే కనిపెడుతున్నాను! చేతులు మంచిగున్న అంటున్నాయి, ముఖం దొంగను పట్టడానికి కాపు కాస్తున్నట్టుంది. పైగా చెయ్యి ఎత్తినప్పుడల్లా అరచేతిలో నంబరు. చిన్నప్పుడు నువ్వు నా గడ్డం పట్టి పైకెత్తి, ముఖం మూసుకుంటే నోరు మూసుకున్నట్టే అనేదానివి. నేను ఇక్కడికొచ్చాక నోరు మూసుకున్నాను అక్కా, నాకే తెలియలేదు. ఎవరితో చేతులు కదిపి ఎన్ని నెలలయిందో. బస్సులో, క్లాసులో, రూమ్‌లో చేతులు జేబుల్లోనే ఉన్నాయి. నాకు చాలా భయం వేసింది. ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఉంటే ఇంటికొచ్చినా నీతో మాట్లాడలేకపోయేవాడిని.

ఇక బేరం చేయబుద్ధి కాలేదు. మొదట చూసిన మెరూన్‌దే తీసుకున్నాం. ధరకు తగిన సరుకే, మోసం లేదు. అయినా డబ్బా కట్టేటప్పుడు నంబరు సరిచూసుకున్నాను, నా సంగతి నీకు తెలియనిదా. సేటు నవ్వి "తృప్తయిందా?" అన్నాడు. అయిందన్నాను.

ఆదివారం పొద్దున రూమ్‌లో ఆ లాప్‌టాప్‌లోనే నీ కోసం ఒక వీడియో తీశాను. మధ్యలో రమణ తలుపు తీసుకొని వచ్చాడు. నేను ఆపలేదు. మూలన కూర్చుని అయిపోయేదాకా చూశాడు. తర్వాత "అన్ని సార్లు ముక్కు తుడుచుకున్నవ్, జలుబా?" అన్నాడు. అది నా పేరు, చిన్నప్పుడు ముక్కు కారుతుండేదని మా అక్క పెట్టింది అని చెప్పాను. ఇప్పుడు మెస్‌లో దూరం నుంచే మణికట్టుతో ముక్కు తుడిచి నన్ను పిలుస్తున్నాడు. ఎగతాళికో ప్రేమకో ఇంకా తేల్చుకోలేదు. పిలిస్తే మాత్రం పోతున్నాను.

రాజన్న మామ చేతికి లాప్‌టాప్ ఇస్తున్నాను. దారిలో దాని మీద మూటలు పెట్టవద్దని చెప్పాను, పెడతాడనే నా అనుమానం. డబ్బా తెరవగానే తడి చేత్తో ముట్టుకోకండి. వచ్చేటప్పుడు మామ చేత నిమ్మకాయ పచ్చడి, నా రెండో దుప్పటి పంపు. బాపుకు, అమ్మకు నా దండాలు చెప్పు. పక్కింటి పెద్దమ్మకు కూడా చెప్పు, నన్ను అడుగుతూ ఉంటుందని అమ్మ అన్నది. నీ దీవెన నాకెప్పుడూ ఉండాలి.

నీ తమ్ముడు,
మల్లేశ్

తా.క. వీడియో ముందు నువ్వొక్కదానివే చూడు. సౌండ్ రావడం లేదని అమ్మ అంటే, అందులో సౌండే లేదని చెప్పు. పైన ఈ ఉత్తరంలో బాగున్నానని ఎన్నిసార్లు రాశానో నేనే లెక్క పెట్టలేదు. వీడియోలో ఒక్కసారి కూడా అనలేదు. ఉత్తరాన్ని నమ్మకు అక్కా, వీడియోను నమ్ము. చూశాక నువ్వూ ఒకటి తీసి పంపు. మంచిగున్న అని చెప్పకు. ముఖం చూపించు, చాలు.