ఫార్మిక్ యాసిడ్, గురువమ్మక్క

అక్టోబర్ 8, విరుదునగర్

మళ్ళీ సున్నా. బ్యాక్టీరియా బాగానే పెరుగుతోంది. దానిలోని ఎంజైమ్ మాత్రం పని చెయ్యడం లేదు. అది ఫార్మిక్ యాసిడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చాలి, మారిస్తే ట్యూబులో డై నీలంగా తిరగాలి. నీళ్ళలా ఉంది. పోయిన నెలంతా చక్కగా తిరిగిందే! నెలాఖరుకు రివ్యూ. చూపించడానికి ఏమీ లేదు.

అక్టోబర్ 10

సున్నా.

అక్టోబర్ 13

గైడ్ సార్ అరిచారు. ఏం మారిందని అడిగారు. గాజు సామాను సరిగ్గా కడగడం లేదు, సోపు నిలిచిపోతోంది అనేశాను. కడిగేది గురువమ్మాళ్. మా ఊరు కోవిల్‌పట్టి మనిషే, ల్యాబ్‌లో నాతో తెలుగు మాట్లాడేది ఆమె ఒక్కతే. పక్కనే నిలబడి ఉంది. నాలుగు తూరులు కడిగితిని పాపా, సోపు ఏడ నిలిచె అంది. నేను సార్ వైపే చూస్తూ తమిళంలో మాట్లాడాను.

సాయంత్రానికి, రేపటి నుంచి రావద్దని ఆమెకు చెప్పేశారు. తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని. ఇంత దూరం పోతుందనుకోలేదు. అబద్ధం. కొంచెం అనుకున్నాను.

అక్టోబర్ 15

కొత్త మనిషి కడిగింది. నేనూ ఇంకోసారి కడిగాను. సున్నా.

అక్టోబర్ 16, మధ్యాహ్నం 3

దొరికింది.

ఈ నెల మొదట్లో ఆయుధపూజకు ల్యాబ్‌లో అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టింది నేనే. మిషన్లకు, సీసాలకు, ఒక్కటీ వదల్లేదు. ఎంత భక్తో! సోడియం మాలిబ్డేట్, సోడియం టంగ్‌స్టేట్ పక్కపక్క సీసాలు, రెండూ తెల్లపొడే. పేరులో రెండో మాట మీద దట్టంగా గంధం. సోడియం అని చూడటం, చిటికెడు తీసి బ్యాక్టీరియా పెంచే నీళ్ళలో వెయ్యడం. మాలిబ్డినం లేకపోతే ఈ ఎంజైమ్ పని చెయ్యదు. దాని చోటులో టంగ్‌స్టన్ పోయి కూర్చుంది. పాఠం చెప్పమంటే గడగడా చెప్తాను, సీసా చదవడం రాలేదు.

తడిగుడ్డతో రెండు లేబుళ్ళూ తుడిచేశాను. ఎవరూ చూడలేదు.

అక్టోబర్ 18

నీలం. చిక్కటి నీలం. జూనియర్ బృంద గెంతింది. సార్ మెచ్చుకున్నారు. కడిగే మనిషిని మార్చడం మంచిదైంది అన్నారు. నేను నవ్వాను. ఛీ.

అక్టోబర్ 19, కోవిల్‌పట్టి

బజారులో గురువమ్మక్క. తప్పించుకుందామనుకున్నాను, ఆమే పిలిచింది. రంగు వచ్చెనా పాపా అని అడిగింది. వచ్చిందన్నాను. అట్లయితే నా కడుగుడులోనే తప్పు ఉండాది, నీకు వచ్చె కదా, అది సాలు అంది. నిజంగానే సంతోషపడింది.

పని ఉందని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఒక చోట కూర్చోలేకపోతున్నాను.

అక్టోబర్ 21, ఉదయం

ఆమె ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆమె విని, సార్ నంబర్ నొక్కి ఫోను నా చేతిలో పెట్టింది. స్పీకర్ పెట్టమంది.