ఆ గాయని పోయిన రోజు నేనెక్కడున్నానంటే

రేడియో స్టేషన్‌లో టెలిఫోన్ బోర్డు మీద ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి రిటైరైన, అరవై ఎనిమిదేళ్ల అవివాహితనైన నేను, సొంత ఇంటి ముందు గదిలో కూర్చుని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో రాయిస్తున్న వీలునామా ఇది. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, మోకాళ్లు ఈమధ్యే పోయాయి, చేయి వణుకుతోంది కనుక నేను చెబుతుంటే లాయరు గారు రాస్తున్నారు. బుద్ధి మాత్రం నిలకడగా ఉందని డాక్టరు చీటీ ఇచ్చాడు, దాన్ని దీనికి జతపరిచాను. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాశానని ఎవరైనా కాగితం పట్టుకొస్తే అది మా అన్నయ్య పనే అయ్యుంటుంది, నమ్మవద్దు.

దీన్ని అమలు జరిపే బాధ్యత లాయరు గారిదే. నేను సాగదీస్తే సాగదీసినట్టే రాయమన్నాను. ఆయనకు ఇష్టం లేదు, అయినా రాస్తున్నారు.

1. నేను ప్రస్తుతం నివాసముంటున్న రెండు గదులు, వంటగది, మేడ మీద రేకుల గది గల ఇల్లు నా స్వార్జితం. దీన్ని నా తదనంతరం నా చెల్లెలికి సర్వహక్కులతో చెందేలా రాస్తున్నాను. అమ్ముకున్నా, అద్దెకిచ్చుకున్నా, తాళం వేసి వదిలేసినా అడిగే హక్కు ఎవరికీ లేదు. అది నాకంటే పదిహేనేళ్లు చిన్నది. నడక నేర్పింది నేనే. ఇల్లు దానికి ఎందుకిస్తున్నానో అయిదో అంశంలో ఉంది.

2. మా అన్నయ్యకు ఇంట్లో వాటా లేదు. ఆయనకు నా బీరువా పై అరలో ఉన్న పాత పేపరు ఫొటో, ఫ్రేముతో సహా ఇస్తున్నాను. ముప్పై నాలుగేళ్ల కిందట ఆ గాయని చనిపోయిన రోజున ఆమె ఇంటి గేటు ముందు చేరిన జనం ఫొటో అది. మూడో వరుసలో ఎవరిదో గొడుగు కింద సగం తలకాయ కనిపిస్తుంది, అది మా అన్నయ్యది. ఎక్కడ నలుగురు కూడినా, ఆ రోజు మీరెక్కడున్నారండీ అని తనే అడిగి, తనే గేటు దగ్గర నిలబడ్డ కథ మొదలుపెడతాడు. పోలీసులు నెట్టడం, చెప్పు తెగడం, ఎవరో అపరిచితుడు భుజం మీద తల పెట్టి ఏడవడం, అన్నీ ఉంటాయి. అదే రోజు మధ్యాహ్నం మూడూ నలభైకి ఆసుపత్రిలో మా అమ్మ పోయిందన్న సంగతి మాత్రం ఆ కథలో ఉండదు. ఆయనకు అమ్మ మీద ప్రేమ లేక కాదు. రెండు చావులు ఒక కథలో ఇమడక పెద్దదాన్ని ఉంచుకున్నాడు. నాకు ఆయన మీద కోపం ఉంది. ఇన్నాళ్లూ ఆ కోపమే నాకు చాటుగా పనికొచ్చింది.

3. నా ట్రాన్సిస్టర్ రేడియోను వీధి చివరి మంగలికి ఇవ్వాలి. ఆ వార్త విన్నప్పుడు కుర్చీలో ఉన్న మనిషికి ఒక చెంపే గీసి, రెండో చెంప సబ్బు నురగతోనే వదిలేసి షట్టరు దించేశాడట. ఆ సగం గడ్డం మనిషి ఊరంతా తిరిగి, ఎక్కడా తెరిచిన షాపు దొరక్క అలాగే ఇంటికి పోయాడట. ఆ రోజు గురించి నేను విన్న కథల్లో నవ్వగలిగింది ఇదొక్కటే. రేడియోకు బ్యాటరీలు వేయించి మరీ ఇవ్వండి.

4. ముందు గది గోడకు వేలాడుతున్న యోగ్యతా పత్రాన్ని లాయరు గారు స్వయంగా దించి చించెయ్యాలి. ఎవరికీ ఇవ్వకూడదు. అందులో ఇలా ఉంటుంది: "ఆ విషాద దినాన ఒక్క కాల్‌ను కూడా జవాబు లేకుండా వదలని అంకితభావానికి మెచ్చి." కింద స్టేషన్ డైరెక్టరు సంతకం. దాన్ని ఫ్రేము కట్టించి, మేకు కొట్టి, వంకర సరిచేసింది మా నాన్న. ఆయన అద్దె బస్సు నడిపేవాడు, చదువుకోలేదు. ఇంటికెవరొచ్చినా చదివించుకుని వినేవాడు. నేను దాన్ని తీసేయబోయినప్పుడల్లా ఆయన ముఖం చిన్నబోయేది. ఆయన పోయాక తీసేయవచ్చు కదా అంటారేమో. అప్పటికి నాకు ఆ శిక్ష అలవాటైపోయింది.

5. నా ట్రంకుపెట్టె అడుగున, గులాబీ రంగు అట్ట ఉన్న రాత ప్యాడ్ ఒకటి ఉంది. అందులో మూడు వందల తొంభై ఒక్క గీతలున్నాయి. దాన్ని నా చెల్లెలికి ఇస్తున్నాను. అదేమిటో చెప్పకుండా ఇస్తే, అక్కకు మతి పోయిందనుకుంటుంది. కాబట్టి చెబుతున్నాను.

ఆ గాయని పోయింది పొద్దున పదకొండింటికి. పదకొండున్నర వార్తల్లో చెప్పారు. చెప్పినా జనం నమ్మలేదు. బోర్డు మీద పన్నెండు లైన్లుంటే పన్నెండు దీపాలూ ఒక్కసారే వెలిగాయి. డైరెక్టరు పరుగున వచ్చి, ఒక వాక్యం టైపు చేయించి నా ఎదురుగా అంటించాడు. "అవునండీ, వార్త నిజమే, సాయంత్రం ఆరింటికి నివాళి కార్యక్రమం వినండి." ప్లగ్గు పెట్టి లైను కలపడం, ఆ వాక్యం చెప్పడం, ప్లగ్గు లాగి లైను తెంపడం, ప్యాడ్ మీద కాల్‌కో గీత గీయడం. అవతలివాళ్లు ఏడుపు మొదలుపెడితే లైను ఆగిపోతుంది కాబట్టి వాళ్లు నోరు తెరవకముందే చెప్పేసి లాగేయమన్నాడు. బోర్డు మీద మాట్లాడేవాళ్లకు ఒక గొంతు వేరే ఉంటుంది. కొంచెం ముక్కుతో, అన్ని మాటలూ ఒకే ఎత్తులో. ఇంట్లో ఆ గొంతుతో మాట్లాడితే మా చెల్లి చెవులు మూసుకునేది.

ఆ రోజుకు అమ్మ ఆసుపత్రిలో చేరి నాలుగు రోజులు. చిన్న ఆపరేషనే, శుక్రవారం ఇంటికి పంపుతామన్నారు. చెల్లి పక్కన ఉంది, దానికి పందొమ్మిదేళ్లు. నాన్న బస్సుతో ఊరు దాటి ఉన్నాడు. అన్నయ్య ఎక్కడున్నాడో పైన రాయించాను. స్టేషన్ నుంచి ఆసుపత్రికి నడిస్తే పది నిమిషాలు.

రెండున్నర ప్రాంతంలో ఒక ప్లగ్గు పెట్టాను. "అక్కా" అని వినిపించింది. అది మా చెల్లి గొంతని నాకు తెలిసింది. బోర్డు ముందు ఎందరో అక్కా అంటారు, పొరపాటు పడ్డానని చెప్పుకోవచ్చు. పొరపాటు పడలేదు. దానికి ఆ గాయని అంటే ప్రాణం, ఇది కూడా ఆ వార్త గురించే ఏడవడానికి ఫోను చేసిందనుకున్నాను. పన్నెండు దీపాలు వెలుగుతున్నాయి. చిరాకేసింది. బోర్డు గొంతుతో ఆ వాక్యం చెప్పి, ప్లగ్గు లాగేసి, గీత గీశాను. ఆ గీత వీటిలో ఏదో నాకు తెలియదు. చాలాసార్లు వెతికాను.

ఆరింటికి డ్యూటీ దిగి వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. తర్వాత తెలిసింది: ఆసుపత్రి వరండాలో ఉన్నది ఒక్కటే ఫోను. దాని ముందు ముప్పై మంది బారు, అందరూ మా స్టేషన్‌కు ఫోను చేసి వార్త నిజమేనా అని అడగడానికే. అమ్మకు ఉన్నట్టుండి విషమిస్తే, నా చెల్లి ఆ బారులో ముప్పావుగంట నిలబడి నాతో మాట్లాడటానికి ఒక్క అవకాశం సంపాదించుకుంది. దాన్ని నేను లాగేశాను. మళ్లీ బారు చివరికి పోయి నిలబడితే, తన వంతు వచ్చేలోపు నర్సు వచ్చి పిలిచింది.

ఏడింటికి నాన్న వచ్చాడు. "అక్కకు ఒక్క ఫోను కొట్టలేకపోయావా?" అని దాని మీద విరుచుకుపడ్డాడు. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు అది, "కొట్టాను నాన్నా, తప్పు నంబరుకు పోయింది" అంది. నా గొంతు అది గుర్తుపట్టలేదని అప్పుడు నాకు అర్థమైంది. తెరిచిన నోరు మూసుకున్నాను. ఈ మొత్తం వీలునామాలో నేను నిజంగా సిగ్గుపడుతున్నది ప్లగ్గు లాగినందుకు కాదు, నోరు మూసుకున్నందుకు.

నాన్న ఆ తర్వాత పదహారేళ్లు బతికాడు. పదహారేళ్లూ ఏదో ఒక సందున "దీనికి ఒక నంబరు సరిగ్గా తిప్పడం రాదు" అని ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు. ఆయన ఎదుట అది నంబరు పైకి చదువుతూ తిప్పేది, పాఠం ఒప్పజెప్పే పిల్లలాగా. పెళ్లయ్యాక కూడా. ఆయన ఆ మాటలన్నీ అన్నది ఆ యోగ్యతా పత్రం కింద కుర్చీలో కూర్చునే. నేను పక్క గదిలో బట్టలు మడతపెట్టుకునేదాన్ని. నువ్వెక్కడున్నావని ఎవరైనా నన్నడిగితే, బోర్డు మీద లైన్లన్నీ ఇరుక్కుపోయి ఇంటి కాల్ ఒక్కటీ అందలేదని చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ బాగా కుదిరింది ఆ కథ. విన్నవాళ్లు నన్నే ఓదార్చేవాళ్లు.

ఇల్లు ఇస్తే ఇది తీరుతుందని నేననుకోవడం లేదు. నా దగ్గర ఇల్లు తప్ప ఇంకేమీ లేదు.

6. పైన చెప్పినవి పోగా మిగిలిన సమస్తమూ, ఏ కారణం చేతనైనా ఇతరులకు చెల్లకుండా పోయినవి కూడా, నా చెల్లెలి కూతురికి చెందుతాయి. అమ్మడూ, ఫోను ఎత్తితే ఎదుటివాళ్లు మాట పూర్తిచేసేదాకా ఉండు. పెద్దమ్మ చాదస్తం అనుకున్నా సరే.

7. నన్ను తీసుకెళ్లే రోజున ఆ గాయని పాటలు పెట్టకండి. ఆమె తప్పేమీ లేదు. చాలా బాగా పాడేది.

8. అయిదో అంశాన్ని నా తదనంతరమే నా చెల్లెలికి చదివి వినిపించాలని మొదట రాయించాను. లాయరు గారు పెన్ను మూత పెట్టి, "అమ్మా, మీరు పోయాక ఇది వింటే ఆవిడ ఎవరితో పోట్లాడాలండీ?" అన్నారు. ఆయన ఈ పొద్దంతా మాట్లాడింది అదొక్కటే. కొట్టివేయమన్నాను, కొట్టివేత పక్కన నా పొడి అక్షరాలు వేశాను. చెల్లి నాకు మందులు తెచ్చి ఇప్పుడు వంటగదిలోనే ఉంది. సంతకానికి ముందు ఈ కాగితాలు దాని చేతికి ఇవ్వమన్నాను. అది చదువుతున్నంతసేపూ నేను ఇక్కడే కూర్చుంటాను.

పైన రాసినదంతా నేను చెప్పినట్టే ఉందని, విని ఒప్పుకుని, నా చేత్తో సంతకం చేస్తున్నాను.

తేదీ: ఆగస్టు 3, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండున్నర.

(సంతకం, వంకరగా) వీలునామా రాయించిన వ్యక్తి

లాయరు రాసినది: రెండో సాక్షిగా నా గుమాస్తాను తెచ్చాను. వీలునామా రాయించినవారి చెల్లెలు కాగితాలు మొత్తం చదివి, సాక్షి సంతకం తానే చేస్తానన్నారు. సాక్షిగా సంతకం చేసినవారికి అదే వీలునామా కింద ఆస్తి రాదని, మొదటి అంశంలోని ఇల్లు ఆరో అంశం ప్రకారం ఆమె కూతురికి పోతుందని రెండుసార్లు చెప్పాను. తెలిసే చేస్తున్నానన్నారు. సంతకం పైన నాలుగు మాటలు రాస్తానంటే చోటు వదిలాను.

సాక్షులు:

1. ఎదురింటి టైలరు (సంతకం)

2. అక్క రాయించినదంతా చదివాను. బోర్డు గొంతైతే మాత్రం అక్క గొంతు నాకు తెలియదా? అప్పుడే తెలుసు. నాన్న ఆ కోపంలో అక్కను ఇంట్లోంచి గెంటేస్తాడని భయపడి, తప్పు నంబరని నేనే అన్నాను. ఆ మర్నాడైనా అక్క నాతో చెబుతుందనుకున్నాను. ముప్పై నాలుగేళ్లు చూశాను. ఇల్లు నాకు వద్దు. ఫోను పెట్టేసి మళ్లీ బారులో నిలబడే ముందు ఒక్కసారి అమ్మ దగ్గరికి పోయి వచ్చాను. అక్క వస్తోందా అని అడిగింది. బయలుదేరిందమ్మా అన్నాను. తలుపు వైపు ముఖం తిప్పి పడుకుంది. పోయేటప్పుడు కూడా అటే చూస్తూ పోయింది.

చెల్లెలు (సంతకం)