నువ్వుల ముద్దలు ముట్టవద్దు

నీలా,

ఈ సాయంత్రం సద్దుల బతుకమ్మ దగ్గర ఎవరు నోటికందించినా నువ్వుల ముద్దలు తినవద్దు. మన నువ్వుల ముద్దల డబ్బా పక్కింటి రాజవ్వకు ఇచ్చేశాను. నీకు పెసరపిండి ముద్దలు విడిగా కట్టి ఉంచాను. అడవిలోని అన్నలు రేపు బంద్‌కు పిలుపిచ్చారు, బస్సులు నడవవు. కరీంనగర్ బస్సుకు వేళయింది, నువ్వు పూలు కోసుకొని వచ్చేదాకా ఆగలేను.

మొన్నటి నువ్వుల అలర్జీ పరీక్ష చెల్లదు. డాక్టరు నువ్వుల మందు చుక్క వేసి సూదితో పొడిచినప్పుడు నీ చేతిమీద దద్దురు లేవకపోవడానికి కారణం నేను. పరీక్షకు వారం ముందు నుంచి దురద మాత్రలు వద్దని ఆయన ముందే చెప్పాడు. నువ్వు గోక్కోవడం చూడలేక, పరీక్షకు ముందురోజు నీ పాలలో దురద తగ్గించే అవిల్ మాత్ర నూరి కలిపాను.

"మాత్ర ఏమన్న మింగిందా అమ్మా?" అని ఆయన అడిగితే, "గంత తెల్వనోళ్లమా, డాక్టరు సాబ్?" అని కసిరాను.

"ఇగ అన్నీ తినచ్చు పో బిడ్డా!" అని రాజవ్వ అన్నప్పుడు నువ్వు ఎంత సంతోషపడ్డావో చూశాను. అప్పుడూ నోరు విప్పలేదు.

డాక్టరుకు నిజం చెప్పి, మళ్లీ పరీక్షకు రోజు అడిగి ఎల్లుండి వస్తాను.

నీ అత్తమ్మ

పైన ఒక అబద్ధం రాశాను. బస్సు పదింటికి. ఇప్పుడు ఎనిమిదే అయింది.