పెద్దయ్య గుట్ట

అక్టోబరు 1986, శనివారం

మా కాలనీ బోర్డు మీద ఈ చోటి పాత పేరు పెద్దయ్య గుట్ట అనే రాయాలో, కొత్త పేరు రాయాలో రేపు మీటింగులో తేలుస్తారు. "ఎవడో పెద్దయ్య పేరు మనకెందుకండీ, శాంతినగర్ అని పెట్టేద్దాం" అని ప్రెసిడెంటుగారు అందరినీ ముందే ఒప్పించేశారు. నేనూ తలూపాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సాయంత్రం సీతాఫలాల గంపతో వచ్చిన మల్లవ్వను అడిగాను, ఆ పెద్దయ్య ఎవరని. ఆమె నవ్వింది.

"మనిషి గాదు బిడ్డా, గుడ్డెలుగు. పండ్లకని గుట్ట మీదికి పోయేటప్పుడు దాని పేరు తియ్యొద్దు. తీస్తే పిలిచినట్లయితది, ఎదురొస్తది. గందుకే మా అవ్వలు పెద్దయ్య అన్నరు."

"ఎలుగుబంటా! మరి నువ్విప్పుడు పేరు చెప్పేశావుగా అవ్వా?"

ఆమె గుట్ట వైపు చూసింది. సగం కంకరకు పోయింది, మిగిలిన సగం చుట్టూ మా ఇళ్లే.

"ఇప్పుడు పిలిచినా ఏడికెళ్లి ఒస్తది?"

నా ఇంటి పునాదిలో ఉన్నదీ ఆ గుట్ట రాయే. రేపు నేనొక్కదాన్నే అయినా లేచి మాట్లాడతాను. నవ్వితే నవ్వనీ, బోర్డు మీద ఆ పేరే ఉండాలి. మీటింగులో గుడ్డెలుగు అని మాత్రం అనను. పెద్దయ్యగారు అనే అంటాను. ఆయన చోటు ఎలాగూ తీసేసుకున్నాం. మర్యాదైనా మిగల్చాలి.