ఇరవై నాలుగు పవర్ స్కోపు

ఖుర్సీపార్, భిలాయి

అన్నయ్యా,

మిలిటరీలో చేశావు కదా అని, నా రైఫిల్‌కి ఏ స్కోపు కొనాలో నిన్నే అడిగాను. మూడొందల మీటర్ల పోటీకి పవర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్నావు. క్లబ్‌లో ఒకరి దగ్గర ఇరవై నాలుగు పవర్‌ది అడిగి బిగించాను. టార్గెట్ మన గుమ్మంలో ఉన్నంత దగ్గరగా కనిపించింది గాని, ఒక్క క్షణం నిలవలేదు. స్కోపు చెడిపోయిందన్నాను. కోచ్ భయ్యా రైఫిల్‌ని ఇసుక బస్తా మీద పెట్టి చూశాడు.

"స్కోపు బాగానే ఉంది దీదీ. వణికేది మీ చెయ్యి," అన్నాడు.

డాక్టరుకి చూపించుకున్నాను. ప్రాణభయం లేదట. ఇది వంశంలో వచ్చే వణుకట. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే నాన్న పేరు చెప్పాను. అన్నం కలిపినా వణికే ఆ చేతుల్ని చూసి, తాగొచ్చాడనే అనుకున్నాం. ఒట్టేసినా నమ్మలేదు. నువ్వైతే నాన్నని నీ పెళ్లికి కూడా పిలవలేదు.

నేను పది పవర్‌ది కొనుక్కున్నాను. అందులో వణుకు తక్కువ కనిపిస్తుంది.

నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉన్నాడు. డాక్టరు మాట నిన్న చెప్పాను. "అయితే ఇప్పుడు నమ్ముతారేటి?" అని, మళ్లీ పేపరు చదువుకున్నాడు.

ఓపాలి రా అన్నయ్యా. నాన్నకి టీ నువ్వే ఇద్దువు గాని. గ్లాసు సగమే నింపు.

నీ చెల్లెలు