పాముగుడ్లకు కాపలా

1994 మే 14, ఘుబ్రా

సార్ పెంచుకునే కొండచిలువ గుడ్లు పెట్టింది. గల్ఫ్‌లో ఈ ఇంటి పనికి చేరినప్పటి నుంచి ఆ గది ఊడుస్తూ దాని అద్దాల పెట్టె వంక చూసేదాన్ని కాదు. ఈరోజు తప్పలేదు. సార్ చేపల మార్కెట్టు నుంచి థర్మకోల్ డబ్బా తెచ్చి నా వంటింటి బల్ల మీద పెట్టాడు. అడుగున నీళ్లు, నీళ్లలో హీటరు, ఇటుక. ఇటుక మీద తడిమట్టి పోసిన గిన్నె, అందులో గుడ్లు. అది నేను చపాతీ పిండి కలిపే గిన్నె. మాటైనా అడగలేదు.

ఇంక్యుబేటర్ అట. మేడమ్ చప్పట్లు కొట్టింది.

మే 21

ఒళ్లు మండిపోతోంది. జూన్ మొదట్లో నా లీవు. నా కూతురు షీబాకు తొలి కాన్పు. మా కడప వైపు తొలి కాన్పు పుట్టింట్లో, తల్లి చేతుల మీద జరగాలి. అందుకే దాన్ని రాయచోటిలో మా అమ్మ దగ్గరికి రప్పించాను. ఇప్పుడు సార్ వాళ్లు సెలవులకు లండన్ పోతారట. గుడ్లు పిల్లలయ్యేదాకా నేను కదలకూడదట. కూతురి సంగతి చెప్పాను. మీ ఊళ్లో డాక్టర్లు లేరా అంది మేడమ్. మీ పాముకు లేరా అని నోటిదాకా వచ్చింది. పాస్‌పోర్టు సార్ లాకర్లో ఉంది.

జూన్ 3

పోయారు. వేడి చూసుకో, నీళ్లు తగ్గితే పొయ్యి అన్నాడు సార్. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్లను ఎయిర్‌పోర్టులో దించి వచ్చిన డ్రైవర్ బాషా, మా రాయచోటి వాడే, నన్ను అక్కా అన్నట్టు ఆపా అంటాడు, హీటరు ప్లగ్గు చూపించాడు.

"పీకెయ్ ఆపా. కరెంటు పోయిందని ఫోన్లో చెప్తే సరిపాయ, లాకరు తాళం నా దగ్గరే ఉంది. గుడ్లే లేకపోతే నిన్నెందుకు నిలబెట్టుకుంటారు?"

జూన్ 4

పీకాను. టీ తాగేలోపు మళ్లీ పెట్టేశాను. నా బిడ్డ నిండు గర్భిణి. ఇప్పుడు నేను గుడ్లు చంపాలా? ఛీ, నా మీద నాకే కోపం.

జూన్ 9

చేసేదేదో సరిగ్గా చేస్తాను. చిన్నప్పటి నుంచి కోళ్లను పొదగేసిన ఇల్లు మాది. పెట్ట ముక్కుతో గుడ్లను తిప్పుతూనే ఉంటుంది. ఈ డబ్బాకు ముక్కెక్కడిది? అందుకే పొద్దున, సాయంత్రం నేనే తిప్పుతున్నాను. మెత్తటి తోలు గుడ్లు. ముట్టుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. బిస్మిల్లా అనుకుని తిప్పుతున్నాను. పాముకు బిస్మిల్లా ఏంటని మళ్లీ మంట.

జూన్ 27

తమ్ముడు ఫోన్ చేశాడు. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. షీబా నొప్పుల్లో నన్నే పిలిచిందట. వియ్యపురాలు ఏమందని గుచ్చి అడిగాను. తల్లి లేని పుట్టింటికి పంపి తప్పు చేశామందట.

ఫోన్ పెట్టేసి గుడ్లు తిప్పాను. డ్యూటీ కదా.

జూలై 6

డబ్బా తెరిస్తే వాసన.

జూలై 17

సార్ వాళ్లు వచ్చారు. గుడ్లన్నీ సొట్టలు పడి, పచ్చబడి ఉన్నాయి. సార్ ఒకటి కత్తిరించాడు. లోపల పిల్ల. ఎప్పుడో చచ్చింది. ఏం చేశావన్నాడు. రోజూ తిప్పానని గర్వంగానే చెప్పాను. సార్ తల పట్టుకున్నాడు. పాముగుడ్డు పెట్టింది పెట్టినట్టే ఉండాలట. తిప్పితే లోపలి పిల్ల మునిగి చస్తుందట. ముందే ఎందుకు చెప్పలేదంటే, ఎవరైనా తిప్పుతారని కలగన్నానా అన్నాడు.

మేడమ్ నమ్మలేదు. లీవు ఇవ్వలేదన్న కక్షతోనే చంపానంది. నాకు వచ్చిన హిందీలో, మొదటిసారి ఆమె కళ్లలోకి చూసి చెప్పాను.

"కక్షే ఉంటే జూన్‌లోనే చంపి, నా బిడ్డ దగ్గరికి పోయేదాన్ని."



జూలై 18

పాస్‌పోర్టు, టికెట్టు బల్ల మీద పెట్టారు. మళ్లీ రానక్కర్లేదట. నేను మాత్రం వస్తానన్నానా?

జూలై 20

రేపు విమానం. మనవరాలిని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయాలి. వెల్లకిలా పోశాక బోర్లా తిప్పాలి.

నా చేతులు తిప్పగలవా?